క్వినోవాలో నీటి ఎద్దడి: ఒక సూచీలో ఎర్ర రకం ఆఖరు, ఇంకోదాంట్లో అదే ఫస్ట్. ఏది నమ్మాలి?

ఎర్రకంకి

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. పోస్ట్ కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

క్వినోవా మీద చిన్న ప్రయోగం నడుస్తోంది. నాలుగు రకాలు, రెండు నీటి స్థాయిలు. సగం మళ్లకి పూర్తి తడులు ఇస్తున్నాం, మిగతా సగానికి కంకి బయటపడ్డప్పట్నుంచీ నీళ్లు పూర్తిగా ఆపేశాం. ఒక్కోదానికి మూడేసి మళ్లు, మొత్తం 24. మడి 3 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు, సాళ్ల మధ్య అర మీటరు ఎడం. డ్రోన్‌కి ఐదు బ్యాండ్ల మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉంది, అంటే ఐదు రకాల వెలుతురుని విడివిడిగా కొలుస్తుంది: నీలం, ఆకుపచ్చ, ఎరుపు, రెడ్ ఎడ్జ్, నియర్ ఇన్‌ఫ్రారెడ్. పైనుంచి ఫోటోలు తీసి ఏ రకం బెట్టకి ఎంత ఇబ్బంది పడుతుందో అంకెల్లో చూపించాలన్నది పని.

నీళ్లు ఆపిన పద్దెనిమిదో రోజున ఎగరేశాను. ఎన్‌డీవీఐ (ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్లతో కట్టే పచ్చదనం సూచీ) లెక్క కడితే తడి మడికీ, బెట్ట మడికీ చెప్పుకోదగ్గ తేడానే లేదు. కానీ నాలుగు రకాల్లో ఒకటి ఎర్రది, ఆకుల్లో కూడా ఎరుపు ఉంటుంది, కంకి అయితే ముదురు గులాబీ. ఆ రకం నీళ్లున్నా లేకపోయినా ఎన్‌డీవీఐలో అట్టడుగున ఉంది. సరే ఇది బెట్టకి ఆగని రకం అనుకుని, ఎరుపు బదులు ఆకుపచ్చ బ్యాండ్ పెట్టే జీఎన్‌డీవీఐ కూడా కట్టి చూశాను. అందులో అదే రకం అన్నింటికంటే పైన! నీళ్లు లేని మళ్లతో సహా. ఒకే రోజు, ఒకే కెమెరా, ఒకే ఫోటోలు.

లెక్క మూడుసార్లు సరిచూశాను, బ్యాండ్లు తారుమారు కాలేదు. రెండు వారాల్లో ఫలితాలు చూపించాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. నేను కొలుస్తున్నది ఎద్దడినా, లేక ఇంకేదైనానా?

గట్టుమీదనుంచి

ముందు మూడు ప్రశ్నలు. ఏ టైమ్‌కి ఎగరేశారు? రిఫ్లెక్టెన్స్ ప్యానెల్ (వెలుతురు కొలతని సరిచూసుకునే పలక) ఫోటో ఎగరడానికి ముందు, దిగాక రెండుసార్లూ తీశారా? నేలలో తేమ ఎంత లోతు వరకు చూశారు? మూడోదానికి జవాబు లేకపోతే మొదటి రెండూ అనవసరం.

ఎర్రకంకి

ఉదయం 9కి, గాలి తక్కువుంటుందని. ప్యానెల్ రెండుసార్లూ తీశాను. తేమ 20 సెంటీమీటర్ల లోతులో చూశాం, బెట్ట మళ్లలో బాగా పొడిగా ఉంది.

గట్టుమీదనుంచి

అనుకున్నాను. ఒక్కొక్కటిగా చెప్తాను.

ఎర్ర రకం సంగతి ముందు, ఎందుకంటే అక్కడ మీ లెక్క తప్పు లేదు, క్వినోవాయే అలాంటిది. దాంట్లో ఎరుపు రంగు చాలా మొక్కల్లోలా ఆంథోసైనిన్ వల్ల వచ్చింది కాదు. తోటకూర, బీట్‌రూట్ కుటుంబం కదా, వీటిలో ఉండేవి బీటాలైన్‌లు. అందులో ఎరుపు-ఊదా రంగునిచ్చే బీటాసయనిన్ 535-540 నానోమీటర్ల దగ్గర వెలుతురుని గట్టిగా పీల్చేస్తుంది. అంటే సరిగ్గా మీ ఆకుపచ్చ బ్యాండ్ పక్కన, సగం దాని లోపలే. ఆకుపచ్చ వెలుతురు తక్కువ తిరిగొస్తే జీఎన్‌డీవీఐ పెరుగుతుంది. మామూలు పంటలో అలా పెరిగితే పత్రహరితం బాగుందని అర్థం, మీ ఎర్ర రకంలో మాత్రం అది ఎరుపు బాగుందని అర్థం, అంతే. అందుకే అది ఫస్ట్ వచ్చింది.

మరి ఎన్‌డీవీఐలో ఆఖరు ఎందుకొచ్చింది? బీటాసయనిన్ 660 నానోమీటర్ల ప్రాంతంలో పెద్దగా పీల్చదు, కాబట్టి నేరం రంగుది కాకపోవచ్చు, కంకిది. కంకి పైన కూర్చుంటుంది, కెమెరా పైనుంచి చూస్తుంది, ఆకులు కింద దాక్కుంటాయి. కంకిలో పత్రహరితం తక్కువ, అందులోనూ గులాబీ కంకిలో ఇంకా తక్కువ, కాబట్టి ఎర్ర వెలుతురు ఎక్కువగా తిరిగొస్తుంది, ఎన్‌డీవీఐ పడిపోతుంది. దట్టమైన పెద్ద కంకి వేసే రకమైతే ఇది మరీ ఎక్కువ. అంటే మంచి కంకి వేసినందుకు ఆ రకానికి మీరు శిక్ష వేస్తున్నారు.

ఇంకోటి కూడా ఉంది. లేత క్వినోవా ఆకు మీద తెల్లటి పొడి చల్లినట్టు ఉంటుంది చూశారా, అవి ఉప్పునీటి బుడగల్లాంటి కణాలు. వెలుతురుని చెదరగొడతాయి. ఆకు ముదిరే కొద్దీ రాలిపోతాయి, చేత్తో రుద్దినా పోతాయి. కాబట్టి లేత ఆకులు ఎక్కువున్న మడికీ, ముదురు ఆకుల మడికీ ఎద్దడితో సంబంధం లేకుండానే పరావర్తనం తేడా వస్తుంది. (ఈ బుడగలే ఉప్పునీ బెట్టనీ తట్టుకునే రహస్యం అని చాలాకాలం రాసుకున్నారు. బుడగలు లేని మ్యూటెంట్ మొక్కలతో ప్రయోగాలు చేశాక, వాటి అసలు పని పురుగుల్ని దూరం పెట్టడమేనేమో అన్న వైపు కథ తిరిగింది. మీ పనికి ఇది అవసరం లేదు, నాకు ఇష్టమైన ముచ్చట కాబట్టి చెప్పాను.)

కాబట్టి మొదటి సూత్రం: రకానికీ రకానికీ సూచీలు నేరుగా పోల్చకండి. ఒకే రకం తీసుకుని, దాని తడి మడి ఎంత, బెట్ట మడి ఎంత, ఆ తేడా చూడండి. ఎర్ర రకాన్ని ఎర్ర రకంతోనే.

ఇక తడి మడికీ బెట్ట మడికీ తేడా రాకపోవడం. ఎన్‌డీవీఐ కొలిచేది పచ్చదనం, ఆకు విస్తీర్ణం. మొక్కకి నీళ్లు తగ్గగానే పచ్చదనం పోదు. ముందు పత్రరంధ్రాలు మూసుకుంటాయి, తర్వాత ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఆ తర్వాతెప్పుడో ఆకు పసుపెక్కి రాలుతుంది. మీ సూచీకి కనబడేది ఆ చివరి అంకమే. ఎన్‌డీవీఐతో ఎద్దడి పట్టుకోవడమంటే పొగ కోసం ఎదురుచూసి మంట ఎప్పుడు అంటుకుందో చెప్పడం లాంటిది. పైగా ఆకు దట్టంగా కమ్ముకుంటే, అంటే ఆకు విస్తీర్ణ సూచి (నేల వైశాల్యానికి ఆకు వైశాల్యం ఎన్ని రెట్లు అన్న లెక్క) 3 దాటితే, ఎన్‌డీవీఐ ఇంక పెద్దగా కదలదు. రెడ్ ఎడ్జ్ బ్యాండ్ ఉంది కదా, దాన్ని ఎరుపు బదులు పెట్టి ఎన్‌డీఆర్‌ఈ కట్టండి, అది అంత తొందరగా నిండిపోదు. కానీ అదీ పత్రహరితాన్నే చూస్తుంది, నీటిని కాదు.

పారాపలుగు

తమ్ముడూ, డ్రోన్ పక్కన పెట్టి ముందు గొయ్యి తవ్వు. 20 సెంటీమీటర్లు చూసి బెట్ట అంటే ఎలా? క్వినోవా తల్లివేరు మీటరు దాటి కూడా దిగుతుంది. పైన బూడిదలా ఎండిపోయి, కింద 70-80 సెంటీమీటర్ల దగ్గర తడి ఉందనుకో, మొక్క హాయిగా అక్కడి నుంచి తాగుతుంది. నువ్వు నీళ్లు ఆపావు, మొక్క తాగడం ఆపలేదు. తేడా లేదని నీ కెమెరా చెప్పిందంటే కెమెరా నిజమే చెప్పిందేమో ఆలోచించు.

ఆగర్ (మట్టిలోకి దించి నమూనా తీసే బర్మా) తీసుకుని 30, 60, 90 సెంటీమీటర్ల దగ్గర మట్టి తియ్యి, తూకం వేసి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి మళ్లీ తూకం వెయ్యి. ఇంతకంటే చవక, ఇంతకంటే నమ్మదగ్గ సెన్సర్ ఇంకోటి లేదు. తవ్వేటప్పుడు అదే మట్టిలో ఉప్పు ఎంతుందో, అంటే ఈసీ కూడా చూడు. ఉప్పు ఉన్న చోట నేలలో నీళ్లున్నా వేరు లాక్కోలేదు, పైనుంచి చూస్తే రెండూ ఒకలాగే కనిపిస్తాయి. క్వినోవా ఉప్పుకి ఆగుతుంది నిజమే, ఆగుతుంది అంటే దానికి ఏమీ కాదని కాదు.

థర్మల్‌పిచ్చి

పై ఇద్దరూ చెప్పింది కరెక్ట్, కానీ అసలు పరికరం పేరు ఎవరూ ఎత్తలేదు. నా యూజర్‌నేమ్ చూస్తే తెలిసే ఉంటుంది.

ఆకు చల్లగా ఉండేది చెమట పట్టడం వల్ల, అంటే బాష్పోత్సేకం వల్ల. పత్రరంధ్రాలు మూసుకుంటే ఆవిరి తగ్గుతుంది, ఆకు వేడెక్కుతుంది. ఇది జరగడానికి రోజులు అక్కర్లేదు, నిమిషాల్లో జరుగుతుంది, రంగు మారక ముందే. అందుకే ఎద్దడిని తొందరగా పట్టుకోవాలంటే థర్మల్ కెమెరా. ఇది కొత్త సంగతేమీ కాదు, 1981లోనే ఇడ్సో, జాక్సన్‌ల బృందం దీన్ని పంట నీటి ఎద్దడి సూచీగా, అదే సీడబ్ల్యూఎస్ఐగా, లెక్కలతో సహా చెప్పింది.

లెక్క ఇంతే: మీ మడి వేడిలోంచి పూర్తిగా తడిగా ఉన్న ఆకు వేడి తీసెయ్యండి. దాన్ని, పూర్తిగా పొడి ఆకు వేడికీ పూర్తి తడి ఆకు వేడికీ ఉన్న తేడాతో భాగించండి. తడి ఆకు 26 డిగ్రీలు, పొడి ఆకు 36, మీ మడి 31 అనుకోండి, 5 బై 10, అంటే 0.5. సున్నా అంటే మొక్క సుఖంగా ఉంది, ఒకటి అంటే పత్రరంధ్రాలు దాదాపు మూసేసింది.

ఆ తడి, పొడి హద్దులు ఎక్కడ నుంచి తేవాలి అన్నదే అసలు తలనొప్పి. ఒక దారి, నీళ్ల ట్రే మీద తడి గుడ్డ పరచి పొలంలో పెట్టడం. అది తడి హద్దు. పొడి హద్దుకి కొందరు కొన్ని ఆకులకి రెండు వైపులా పెట్రోలియం జెల్లీ రాస్తారు, పత్రరంధ్రాలు పూడుకుపోతాయి. ఇంకా తేలిక దారి, గాలి ఉష్ణోగ్రతకి 5 డిగ్రీలు కలిపి దాన్నే పొడి హద్దు అనుకోవడం. చాలామంది అదే చేస్తారు, నేనూ చేశాను, సిగ్గుపడాల్సిందేమీ లేదు. రిపోర్ట్‌లో ఏది వాడారో రాయండి చాలు.

ఇప్పుడు ఎక్కడ బోల్తా పడతారో చెప్తాను, అన్నింట్లోనూ నేను పడ్డాను.

టైమ్. 9 గంటలకి ఎగరేస్తే ఉపయోగం లేదు. ఉదయం గాలి ఇంకా చల్లగా, తేమగా ఉంటుంది, రాత్రంతా మొక్క కోలుకుని ఉంటుంది, బెట్ట మొక్క కూడా ఆ టైమ్‌లో రంధ్రాలు తెరిచే ఉంచుతుంది. మధ్యాహ్నం 12 నుంచి 2 మధ్య ఎగరేయాలి. ఎండ నిలకడగా ఉండాలి. మబ్బు నీడ ఒక్క నిమిషం పడినా ఆకు వేడి దిగిపోతుంది, అప్పుడు మీరు కొలిచేది మబ్బుని. గాలి కొడితే కూడా తేడాలు చెరిగిపోతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు తడి మడీ బెట్ట మడీ దగ్గర దగ్గరగా వస్తాయి, ఎందుకంటే తడి మొక్క కూడా ఆ రోజు సరిగ్గా ఆవిరి వదల్లేదు. అందుకే ఉష్ణోగ్రత, తేమ రెండూ పొలం పక్కనే కొలిచి పెట్టుకోండి.

కెమెరా. డ్రోన్‌ల మీద పెట్టే చిన్న థర్మల్ కెమెరాల్లో సెన్సర్‌ని చల్లబరిచే ఏర్పాటు ఉండదు, అందుకే రీడింగ్ జారుతూ ఉంటుంది. చాలావాటికి కంపెనీలు చెప్పుకునే కచ్చితత్వమే ప్లస్ ఆర్ మైనస్ 5 డిగ్రీలు. మీరు వెతికే తేడా రెండు మూడు డిగ్రీలు! కాబట్టి స్విచ్ వేసి కనీసం పావుగంట ఆగండి, అప్పుడు ఎగరేయండి. నేల మీద ఒక చల్లటి వస్తువు, ఒక వేడి వస్తువు పెట్టి (నీళ్ల ట్రే, నల్ల రేకు), వాటి నిజమైన ఉష్ణోగ్రత థర్మామీటర్‌తో ప్రతి కొన్ని నిమిషాలకీ రాసుకోండి. తర్వాత ఫోటోల్ని దానికి సరిదిద్దొచ్చు.

మట్టి. అన్నింటికంటే పెద్ద దొంగ ఇదే. మధ్యాహ్నం ఎండలో పొడి మట్టి 50 డిగ్రీలు దాటుతుంది. ఒక పిక్సెల్‌లో 90 శాతం ఆకు 30 డిగ్రీల దగ్గర, 10 శాతం మట్టి 50 డిగ్రీల దగ్గర ఉందనుకోండి, ఆ పిక్సెల్ దాదాపు 32 చూపిస్తుంది. ఆ రెండు డిగ్రీలూ ఎద్దడి అనుకుంటారు మీరు. పైగా బెట్ట మడిలో ఆకులు తక్కువ, మట్టి ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి తప్పు కూడా మీరు ఆశించే వైపుకే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నా మొదటి సీజన్ మొత్తం ఇలాగే పోయింది, చక్కటి గ్రాఫులు గీశాను, తీరా చూస్తే అవన్నీ మట్టి గ్రాఫులు.

640 బై 512 పిక్సెళ్ల కెమెరా, 13 మిల్లీమీటర్ల లెన్స్ అయితే 60 మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ నేల మీద 5 నుంచి 8 సెంటీమీటర్లు పడుతుంది. క్వినోవా ఆకుకి అది పెద్దదే. 30 మీటర్లకి దిగండి. మల్టీస్పెక్ట్రల్ ఫోటోతో ఆకుల ముసుగు (ఏ పిక్సెల్‌లో ఆకు ఉందో గుర్తు పెట్టే పటం) తయారు చేసి, అంచు పిక్సెళ్లు వదిలేసి, మధ్యలో పూర్తిగా ఆకే ఉన్న పిక్సెళ్లే తీసుకోండి. కంకుల్ని కూడా ముసుగులోంచి తీసెయ్యండి, కంకి వేడీ ఆకు వేడీ ఒకటి కాదు. మీ గులాబీ కంకులైతే రంగుతోనే సులువుగా విడదీయొచ్చు, ఆకుపచ్చ కంకుల రకాలతోనే తిప్పలు. మడి చుట్టూ అంచు సాళ్లు కూడా లెక్కలోకి తీసుకోకండి.

ఎర్రకంకి

తమ్ముడు కాదండీ పారాపలుగు గారూ, చెల్లెలు 🙂 ఆగర్ రేపు తెస్తాను.

థర్మల్‌పిచ్చి గారూ, పక్క విభాగంలో ఒక థర్మల్ కెమెరా ఉంది, అడిగితే వారం ఇస్తారు. కానీ ఒక అనుమానం. చల్లగా ఉన్న రకమే బెట్టకి ఆగే రకం అని రాసేయొచ్చా? అలాగే, శాటిలైట్ ఫోటోలు ఉచితం కదా, వాటితో పని జరగదా?

మేఘంలేనిరోజు

శాటిలైట్ ప్రశ్నకి జవాబు నేను చెప్తాను. మీ మళ్లకి జరగదు. సెంటినెల్-2 ఉపగ్రహాల ఫోటోల్లో అన్నింటికంటే సూక్ష్మమైన పిక్సెల్ 10 మీటర్లు, మీ మడి 3 బై 5. ఒక్క పిక్సెల్‌లో మీ తడి మడి, బెట్ట మడి, మధ్యలో గట్టు, గట్టు మీద నిలబడ్డ మీరు, అందరూ కలిసిపోతారు.

పెద్ద పొలాలైతే వేరు. అక్కడ ఎన్‌డీవీఐ కాకుండా ఆకులోని నీటిని చూపే ఎన్‌డీఎంఐ చూడాలి. మీ డ్రోన్ కెమెరాకి లేనిది సెంటినెల్-2కి ఉంది, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్. 1610 నానోమీటర్ల దగ్గర ఉన్న బి11 బ్యాండ్‌లో ఆకులోని నీళ్లు వెలుతురుని పీలుస్తాయి, ఆకు ఎండే కొద్దీ అక్కడ పరావర్తనం పెరుగుతుంది. దాన్ని నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్ బి8ఏతో కలిపి ఆ సూచీ కట్టొచ్చు, పిక్సెల్ 20 మీటర్లు. రెండు ఉపగ్రహాలు కలిస్తే ఐదు రోజులకోసారి ఫోటో, మబ్బు లేకపోతే. మబ్బు గురించి నేను మాట్లాడను, పేరులోనే ఉంది నా బాధ.

వేడి కావాలంటే ల్యాండ్‌శాట్ 8, 9 ఉపగ్రహాలు ఉన్నాయి, ఒక్కోటి 16 రోజులకోసారి, రెండూ కలిపి 8 రోజులకోసారి. వాటి థర్మల్ పిక్సెల్ అసలు 100 మీటర్లు, 30 మీటర్లుగా మార్చి ఇస్తారు, మార్చినంత మాత్రాన వివరం పెరగదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద 2018లో పెట్టిన ఎకోస్ట్రెస్ అనే థర్మల్ పరికరం ఇంకాస్త నయం, 70 మీటర్ల ప్రాంతం, కానీ ఒక్కో రోజు ఒక్కో టైమ్‌కి మీ పొలం మీదుగా వెళ్తుంది.

ఒక హెచ్చరిక. బొలీవియాలో ఉయుని ఉప్పు మైదానం చుట్టుపక్కల, 3,700 మీటర్ల ఎత్తున, క్వినోవాని పాత పద్ధతిలో గుంటలు తీసి దాదాపు మీటరు ఎడంతో వేస్తారు. అక్కడ పిక్సెల్‌లో ఎక్కువ భాగం నేలే. మట్టి ప్రభావం తగ్గించడానికి 1988లో హ్యూట్ తెచ్చిన ఎస్‌ఏవీఐ సూచీ వాడినా కొంతవరకే సాయం. క్వినోవా సొంత ఊళ్లోనే శాటిలైట్‌కి క్వినోవా సరిగ్గా కనబడదన్నమాట.

ఇంకోటి, ఎవరో ఒకరు మీకు పీఆర్ఐ వాడమని సలహా ఇస్తారు, 531, 570 నానోమీటర్లతో కట్టేది. పంట కిరణజన్య సంయోగక్రియలో ఇబ్బంది పడుతుంటే త్వరగా చూపిస్తుంది, మంచి సూచీయే. కానీ పైన బీటాసయనిన్ గురించి చెప్పారు కదా, అది కూర్చుని ఉన్నది సరిగ్గా ఆ 531 పక్కనే. ఎర్ర రకంలో పీఆర్ఐ ఎప్పుడూ తక్కువే కనిపిస్తుంది, ఎద్దడి ఉన్నా లేకపోయినా.

థర్మల్‌పిచ్చి

చల్లగా ఉన్న రకం గురించి: రాసేయకండి! ఇక్కడ నా పరికరాన్ని నేనే తిట్టుకోవాలి. థర్మల్ కెమెరా చెప్పేది పత్రరంధ్రాలు తెరిచి ఉన్నాయా లేదా, అంతే. ఒక రకం చల్లగా ఉందంటే లోతు వేరుతో నీళ్లు అందుకుంటూ ఉండొచ్చు, అది మంచిది. లేదా ఉన్న నీళ్లు దుబారా చేస్తూ ఉండొచ్చు, ఇంకో పది రోజులకి ఖాళీ. ఇంకో రకం వేడిగా ఉందంటే విలవిల్లాడుతూ ఉండొచ్చు, లేదా ముందుజాగ్రత్తగా రంధ్రాలు మూసి పాలు పోసుకునే దశకి నీళ్లు దాచుకుంటూ ఉండొచ్చు. వేరు నుంచి వచ్చే సంకేతంతో క్వినోవా నేల పూర్తిగా ఎండకముందే రంధ్రాలు బిగిస్తుంది, రకాన్ని బట్టి ఎక్కువ తక్కువలు. ఒక్క రోజు ఫోటోతో ఈ రెంటినీ విడదీయలేరు.

గట్టుమీదనుంచి

దీనితో పూర్తిగా ఏకీభవించను. ఒక్క రోజు ఫోటోతో కష్టమే, కానీ వారానికి రెండుసార్లు ఎగరేస్తే విడదీయొచ్చు. దుబారా రకం మొదట చల్లగా ఉండి, ఒక రోజున గబుక్కున వేడెక్కుతుంది. పొదుపు రకం మొదటి నుంచీ కాస్త వేడిగా ఉండి, అలాగే నిలకడగా సాగుతుంది. లోతు వేరు రకం చివరిదాకా చల్లగా ఉంటుంది. గీత ఆకారం చూడాలి, ఒక బిందువు కాదు. క్వినోవాకి పూత దశ, పాలు పోసుకునే దశ నీటికి సున్నితమైనవి, ఆ రెంటిలోనూ ఎగరేసిన రోజులు తప్పకుండా ఉండాలి.

థర్మల్‌పిచ్చి

ఒప్పుకుంటాను, వారానికి రెండు ఎండ రోజులు దొరికితే. దాంతో పాటు గింజ దిగుబడి కూడా తూకం వేసి పక్కన పెట్టండి. వేడిగా ఉండి కూడా గింజ బాగా పోసిన రకం కనిపిస్తే, అదే మీ రిపోర్ట్‌లో అసలు ముచ్చట.

పారాపలుగు

చెల్లెమ్మా, క్షమించు. ఇంకొక్క మాట. ఎగరేసిన రోజున, ఎగరేసిన గంటలోపే, ప్రతి మడిలో నాలుగైదు మొక్కలకి గుర్తు కట్టి, పైన పూర్తిగా విచ్చుకున్న ఆకుకి పోరోమీటర్ (పత్రరంధ్రాలు ఎంత తెరిచి ఉన్నాయో కొలిచేది) పెట్టి చూడు. లేకపోతే ప్రెజర్ ఛాంబర్‌తో తెల్లవారకముందు ఆకు నీటి పొటెన్షియల్, అంటే ఆకులో నీటికి ఎంత కటకట ఉందో చెప్పే కొలత, తియ్యి. నేల మీద మొక్క చెప్పిన మాట చేతిలో లేకుండా ఆకాశం నుంచి ఎన్ని బొమ్మలు తెచ్చినా ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆకు కింద వైపు తిప్పి బూజు తెగులు ఉందేమో కూడా చూడు. బూజు పట్టిన ఆకులు పసుపెక్కి రాలిపోతాయి, నీ కెమెరా దాన్ని కూడా బెట్ట ఖాతాలో వేసేస్తుంది.

కంకి ముదిరాక ఆకులు రాలడం క్వినోవాకి మామూలే. తొందరగా పండే రకం ఒకటి ఉంటే, అది పండుతుంటే నువ్వు ఎండుతోందని రాస్తావు. పూత తేదీ ప్రతి మడికీ రాసుకున్నావా?

ఎర్రకంకి

రాసుకున్నాను, అదొక్కటే సరిగ్గా చేసినట్టున్నాను.

అప్‌డేట్: ఇవాళ పన్నెండు బెట్ట మళ్లలోనూ తవ్వాం, భుజాలు పడిపోయాయి. 30 దగ్గర పొడి. 60 దగ్గర ఫర్వాలేదు. 90 దగ్గర ఒక వైపున్న ఐదు మళ్లలో మట్టి చేతికి అంటుకుంటోంది, ఉండ చేస్తే నిలుస్తోంది! ఆ ఐదూ కాలువ వైపున్నవే, పక్కనున్న తడి మళ్ల నుంచి ఊట వస్తున్నట్టుంది. మిగతా ఏడూ నిజంగానే ఎండాయి. ఆ ఏడింటినే వాటి వాటి రకం తడి మళ్లతో పోల్చి చూస్తే ఎన్‌డీఆర్‌ఈలో చిన్న తేడా కనబడుతోంది, ఎర్ర రకంలో కూడా. ఐదింటినీ కలిపి సగటు తీయడం వల్ల అది మాయమైపోయింది.

రెండు వారాల గడువు పెంచమని మా గైడ్‌ని అడిగాను. 90 సెంటీమీటర్ల మట్టి ఫోటో చూపించాక ఇంకేం అనలేదు. థర్మల్ కెమెరా సోమవారం వస్తుంది. పోరోమీటర్ ఒకటే ఉంది, గంటలో 24 మళ్లు తిరగడం ఎలాగో తెలియడం లేదు.

గట్టుమీదనుంచి

24 తిరగకండి. ఎండిన ఏడు మళ్లు, వాటి రకాల తడి మళ్లు ఏడు, మడికి మూడు ఆకులు. ఒకరు పోరోమీటర్ పట్టుకుంటే ఒకరు రాసుకోవాలి, ఒక్కరే అయితే గంటలో అవ్వదు. ఒక తడి, ఒక బెట్ట, అలా మార్చి మార్చి వెళ్లండి. ముందు తడివన్నీ, తర్వాత బెట్టవన్నీ కొలిస్తే మధ్యలో ఎండ ముదిరిన తేడా కూడా నీటి తేడాలా కనిపిస్తుంది. ఊట వచ్చిన ఐదు మళ్లని పారేయకండి, లోతు తేమ ఉంటే ఆకు వేడి ఎలా ఉంటుందో చూపించడానికి పనికొస్తాయి, కాకపోతే వేరే పేరు పెట్టి వేరేగా రాయండి.

థర్మల్‌పిచ్చి

సోమవారం కెమెరా చేతికొచ్చాక నేరుగా పొలానికి వెళ్లకండి. ముందు ఇంట్లో గంటసేపు ఆన్ చేసి, ఒక గిన్నెలో నీళ్లు పెట్టి దాన్నే చూస్తూ రీడింగ్ ఎంత జారుతుందో రాసుకోండి. మెమరీ కార్డ్‌లో రంగుల బొమ్మ కాకుండా ఉష్ణోగ్రత విలువలు ఉండే ఫార్మాట్‌లో సేవ్ అవుతోందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. నేను ఒకసారి మొత్తం ఫ్లైట్ జేపెగ్‌లో తీసుకొచ్చాను, బొమ్మలు మాత్రం చాలా అందంగా వచ్చాయి.